రేవు రొదలో ఈ గొంతు ఎవరిది?

అండమాన్ దీవుల ముఖ్యపట్టణమైన శ్రీ విజయపురంలో (2024 సెప్టెంబరు వరకు దీని పేరు పోర్ట్‌బ్లెయిర్) హాడో రేవు నిశ్శబ్దంగా ఉండే వేళ చాలా తక్కువ. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి వచ్చే ప్రయాణికుల ఓడలు ఆగేది ఇక్కడే. క్రేన్ల చప్పుడు, ఓడ కూత, లారీల హారన్లు, కూలీల కేకలు ఒకదానిలో ఒకటి కలసిపోతుంటాయి. ఆ కేకలలో హిందీ, బెంగాలీ, తమిళం వినిపిస్తాయి, తెలుగూ వినిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరలివెళ్లి చేపల వేట, కూలి, చిల్లర వ్యాపారాలతో స్థిరపడిన కుటుంబాలు హాడోలోను, దాని పొరుగున ఉన్న జంగ్లీఘాట్‌లోను కనిపిస్తాయి.

ఇటువంటి చోట డీజిలు, ఐసు, వలల సరుకు అమ్మే ఒక వ్యాపారిని ఊహించుకుందాం. వేకువన ఫోను మోగుతుంది. అవతల పడవ ఇంజను కొట్టుకుంటున్నది. ఆ చప్పుడు మీదుగా ఒక గొంతు, "అన్నా, నేనే. పది దిమ్మలు ఐసు, రెండు డబ్బాలు డీజిలు పక్కన పెట్టించు, లెక్క రాసుకో" అంటుంది. పేరు చెప్పలేదు. అయినా వ్యాపారి ఆ మనిషిని గుర్తుపట్టి, అతని ఖాతాలో పద్దు రాసుకుంటాడు. ఈ వ్యవహారంలో సంతకం లేదు, సాక్షి లేడు. గొంతే పూచీ. మన పల్లెలలో ఎరువుల దుకాణం దగ్గరా ధాన్యం కమీషను కొట్టు దగ్గరా జరిగేదీ ఇదే.

ఇప్పుడు ఈ గుర్తుపట్టే పనిని యంత్రానికి అప్పగించే రోజులు వచ్చాయి. మాటతో నడిచే సేవలు బ్యాంకులలోను, ప్రభుత్వ పథకాలలోను ప్రవేశించాయి. 2015లో ఐసీఐసీఐ బ్యాంకు తన ఫోను సేవలో ఖాతాదారుని గొంతును బట్టి గుర్తించే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఇంటర్నెట్ లేని సాధారణ ఫోనుల నుంచి కూడా డబ్బు పంపుకొనేందుకు 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు 'యూపీఐ 123పే'ను ప్రారంభించింది. 2023 సెప్టెంబరులో పీఎం కిసాన్ పథకానికి సంబంధించిన ప్రశ్నలకు జవాబులిచ్చే 'కిసాన్ ఈ-మిత్ర' వచ్చింది. చదువు రానివారికి, చిన్న అక్షరాలు కనిపించని పెద్దవారికి మాట ఒక పెద్ద సదుపాయం. ఐతే మాట వినడం వేరు, మాట్లాడేది ఎవరో తేల్చడం వేరు. ఈ తేడా తెలియకపోతే రుణగ్రహీతకూ నష్టమే, వ్యాపారికీ నష్టమే.

యంత్రం చేయవలసిన పనులు మూడు

మొదటిది, ఏమి చెప్పారో గ్రహించడం. 'నా వాయిదా ఎంత?' అన్న ప్రశ్న ఎవరు అడిగినా ఒక్కటే. యంత్రానికి మాటలు తెలిస్తే చాలు. రెండవది, కలగాపులగంగా వినవచ్చిన గొంతులలో ఏ మాట ఎవరిదో విడదీయడం. మూడవది, ఆ విడదీసిన గొంతు ఫలానా ఖాతాదారునిదేనా అని నిర్ధారించడం. మొదటి పనిలో పొరపాటు జరిగితే మళ్లీ అడుగుతాం. మూడవ పనిలో పొరపాటు జరిగితే ఒకరి ఖాతా మరొకరికి తెరుచుకుంటుంది, లేదా సొంతదారుకే తలుపు మూసుకుంటుంది. అందుకే మూడవ పనికి పట్టే జాగ్రత్త మొదటి దానికి అక్కరలేదు.

గొంతులో గుర్తులు

ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి స్వరపేటికలోని స్వరతంతువులను అదిలిస్తుంది. అవి పురుషులలో సెకనుకు సుమారు 120 సార్లు, స్త్రీలలో సుమారు 210 సార్లు తెరుచుకొని మూసుకుంటాయి. పిల్లలలో ఇంకా ఎక్కువ. అలా పుట్టిన నాదం గొంతు, నోరు, ముక్కు గదుల గుండా బయటకు వస్తూ ఒక రూపు దిద్దుకుంటుంది. వయోజనుడైన పురుషునిలో ఈ గొట్టం పొడవు సుమారు 17 సెంటీమీటర్లు. దాని పొడవు, వంపు, దవడ వెడల్పు, పళ్ల అమరిక ఒకరివి మరొకరికి సరిగా ఉండవు. సన్నాయి ఊదేవాడు ఒకడే అయినా వాద్యం మారితే నాదం మారినట్లే, ఒకే మాట ఇద్దరు పలికితే రెండు రకాలుగా వినిపిస్తుంది.

కంప్యూటరు ఈ శబ్దాన్ని సెకనులో నలభయ్యో వంతు చొప్పున చిన్న ముక్కలుగా తీసుకొని, ఒక్కొక్క ముక్కలో ఏ పౌనఃపున్యం వద్ద, అనగా సెకనుకు ఎన్ని కంపనాల వద్ద, ఎంత బలం ఉన్నదో కొలుస్తుంది. ఇలా కొలిచిన వందలాది ముక్కల నుంచి ఒక అంకెల వరుస తయారవుతుంది. ఖాతాదారు మొదట నమోదు చేసుకున్నప్పటి వరుసతో ఇప్పటి వరుసను పోల్చి, అవి ఎంత దగ్గరగా ఉన్నాయో మార్కులు వేస్తుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవలసి ఉన్నది. 1962లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన లారెన్స్ కెర్‌స్టా గొంతును వేలిముద్రతో పోల్చి 'స్వరముద్ర' అన్న భావనను ముందుకు తెచ్చాడు. ఆ పేరు బాగా ప్రచారమైంది కాని పోలిక సరియైనది కాదు. ఆ పద్ధతికి తగినంత శాస్త్రీయ ఆధారం లేదని 1979లో ఆ దేశపు జాతీయ విజ్ఞాన అకాడమీ నివేదిక పేర్కొన్నది. బొటనవేలి గీతలు పుట్టుక నుంచి మారవు. వల లాగే చేతులలోను, పార పట్టే చేతులలోను అవి అరగవచ్చు కాని రూపు మారదు. గొంతు అలా కాదు. జలుబు చేస్తే మారుతుంది, వయసుతో మారుతుంది, కోపం వస్తే మారుతుంది. నమోదు సమయంలో తెలుగులో మాట్లాడి, తరువాత హిందీలో మాట్లాడినా మార్కులు కొంత తగ్గవచ్చు. హాడో వంటి చోట ఇది ప్రతిదినం జరిగే సంగతి.

రొదలన్నీ ఒక్కటి కావు

రొద అనగానే ఎంత పెద్దది అన్నదే చూస్తాం. యంత్రానికి అంతకంటె ముఖ్యం అది ఎటువంటి రొద అన్నది.

పడవ ఇంజనునే తీసుకోండి. ఒకే సిలిండరున్న నాలుగు స్ట్రోకుల డీజిలు ఇంజను నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంటే, దానిలో సెకనుకు 12, 13 సార్లు ఇంధనం మండుతుంది. ఆ చప్పుడు చెవులు చిల్లులు పడేటట్లున్నా ఒకే తాళంలో సాగుతుంది. మాటకూ మాటకూ మధ్య విరామంలో యంత్రం ఆ తాళాన్ని కొలిచి, తరువాత మాటతో కలసి వచ్చినప్పుడు దానిని తీసివేయగలదు. కాటాలో గోనెసంచి బరువు మినహాయించినట్లే ఇదీ. 1979లో స్టీవెన్ బోల్ అనే పరిశోధకుడు ప్రకటించిన పద్ధతికి మూలం ఇదే. రేకుల కప్పు మీద వాన చప్పుడు ఇంతకంటె కష్టం, ఎందుకంటే అది ఎక్కువ తక్కువలవుతూ పౌనఃపున్యాలన్నింటినీ కమ్ముతుంది. అన్నింటిలోకి కష్టమైనది పక్కవాని మాట. అదీ గొంతే, ఇదీ గొంతే. రెండూ ఒకే పౌనఃపున్యాల హద్దులో ఉంటాయి. వేలంపాట జరిగే చేపల రేవులో, నలుగురు ఒకేసారి ధర చెబుతుండగా ఏది మినహాయించాలో, ఏది ఉంచాలో యంత్రానికి తెలియదు.

మనిషి చెవికి ఈ విద్య పుట్టుకతో వచ్చింది. 1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త కోలిన్ చెర్రీ ఒక ప్రయోగం చేశాడు. వినేవారి రెండు చెవులకూ రెండు వేర్వేరు ప్రసంగాలు వినిపించి, ఒక చెవిలోని దానినే శ్రద్ధగా వినమన్నాడు. రెండవ చెవిలో ఏమి చెప్పారో వారు చెప్పలేకపోయారు. అక్కడ ఇంగ్లీషు పోయి జర్మను భాష వచ్చినా గమనించలేదు. కాని పురుషుని గొంతు పోయి స్త్రీ గొంతు రాగానే పసిగట్టారు. మాటలు తెలియకపోయినా మనిషి మారిన సంగతి చెవికి తెలుస్తుందన్నమాట. పైన చెప్పిన ఐసు వ్యాపారి చేస్తున్నది కూడా ఇదే. పైగా అతనికి గొంతుతో పాటు మరెన్నో తెలుసు: ఏ పడవ ఏ వేళకు వస్తుంది, ఎవరు ఎన్ని దిమ్మలు వాడతారు, ఎవరు 'లెక్క రాసుకో' అంటారు, ఎవరు 'రేపు ఇస్తా' అంటారు. బ్యాంకు యంత్రానికి ఇవేవీ తెలియవు.

రొద వల్ల మరొక చిక్కు కూడా ఉన్నది. చుట్టూ గోల ఉంటే మనం తెలియకుండానే గొంతు పెంచుతాం. 1911లో ఫ్రెంచి వైద్యుడు ఎత్యెన్ లోంబార్ దీనిని వివరించాడు కనుక ఆయన పేరుతోనే పిలుస్తారు. గొంతు పెంచడమంటే శబ్దం పెరగడం మాత్రమే కాదు. స్వరం హెచ్చుతుంది, అచ్చులు సాగుతాయి, నాదం తీరే మారుతుంది. ప్రశాంతమైన గదిలో నమోదు చేసిన గొంతు వేరు, రేవులో అరిచే గొంతు వేరు. కనుక రొదను పూర్తిగా తీసివేసినా, మిగిలిన గొంతు నమోదైన దానితో అచ్చంగా సరిపోలదు. నిజమైన ఖాతాదారునే 'మీరు కాదు' అనే సందర్భాలు కొన్ని ఇందువల్లనే వస్తాయి.

రెండు మైకుల కిటుకు

గొంతులను విడదీయడానికి ఒక దారి, ఒకటికి బదులు రెండు మూడు మైకులు వాడటం. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 10 సెంటీమీటర్ల ఎడంలో రెండు మైకులుంటే, పక్క నుంచి వచ్చే శబ్దం రెండవ దానిని సెకనులో పదివేల వంతులలో మూడు వంతులు ఆలస్యంగా చేరుతుంది. సెకనుకు 16,000 సార్లు కొలిచే యంత్రానికి ఇది నాలుగైదు కొలతల ఎడం. ఎదుట నిలబడినవాని మాట రెండింటినీ ఒకేసారి చేరుతుంది. ఈ ఆలస్యాన్ని బట్టి ఏ మాట ఏ దిక్కు నుంచి వచ్చిందో యంత్రం తెలుసుకొని, ఒక దిక్కును ఉంచి మిగిలినవి తగ్గిస్తుంది.

ఈ రంగంలో మన తెలుగువారి కృషి గుర్తుంచుకోదగినది. ఐఐటీ మద్రాసులోను, ఆ తరువాత హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలోను పనిచేసిన ఆచార్య బయ్య యజ్ఞనారాయణ, ఆయన శిష్యులు ఒక చక్కని విషయాన్ని ఆధారం చేసుకున్నారు. గుడి గంట కొట్టిన క్షణంలో నాదం అత్యంత బలంగా ఉండి, తరువాత క్రమంగా సన్నగిల్లుతుంది గదా! అలాగే స్వరతంతువులు మూసుకునే ప్రతి క్షణంలో మాట బలం ఒక్కసారి హెచ్చుతుంది. ఆ క్షణాల దగ్గర గొంతు రొదను మించి ఉంటుంది. పైగా ఒక మనిషి గొంతులో ఈ క్షణాల మధ్య ఎడం ఏ మైకు దగ్గర కొలిచినా ఒక్కటే. మైకు మైకుకూ మారేది ఆ వరుస మొత్తం ఎంత ఆలస్యంగా వచ్చింది అన్నది మాత్రమే. ముగ్గురు మాట్లాడుతుంటే మూడు వేర్వేరు ఆలస్యాలు కనిపిస్తాయి. ఈ విధంగా ఎందరు మాట్లాడుతున్నారో లెక్కించవచ్చునని, ఎవరు ఎక్కడున్నారో తెలుసుకోవచ్చునని వారు చూపారు.

మరొక దారి, కావలసిన మనిషి గొంతు నమూనాను యంత్రానికి ముందే వినిపించి 'ఈ గొంతును మాత్రమే ఉంచు' అనడం. 2018లో గూగుల్ పరిశోధకులు ఈ పద్ధతిని ప్రకటించారు. ఇది ఒక మైకుతోనే పనిచేస్తుంది. ఐతే ఇక్కడొక ఇరకాటం ఉన్నది. ఎవరో తెలుసుకోవడానికి గొంతును విడదీయాలి, విడదీయడానికి ఎవరో ముందే తెలిసి ఉండాలి. సొంత ఫోనులో నమోదైన సొంతదారు విషయంలో ఇది చక్కగా సరిపోతుంది. పదిమంది వాడే దుకాణపు ఫోనులో సరిపోదు.

ఫోను తీగ చేసే కోత కూడా చెప్పుకోవాలి. సాధారణ టెలిఫోను మార్గం 300 నుంచి 3,400 కంపనాల మధ్య శబ్దాన్నే పంపుతుంది. మాట అర్థం కావడానికి ఇది చాలు. మనిషిని గుర్తుపట్టే ఆనవాళ్లు కొన్ని మాత్రం దానికి పైనా కిందా పోతాయి. అండమాన్ దీవులకు 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబులు ప్రారంభమైంది. అంతకుముందు ఈ దీవులు దేశంతో మాట్లాడటానికి ప్రధానంగా ఉపగ్రహాల మీద ఆధారపడేవి. ఇప్పుడు మార్గం మెరుగుపడినా, వేటకు పోయిన పడవకు సిగ్నలు తెగుతూ అతుకుతూ ఉంటే గొంతు ముక్కలు మధ్యలో రాలిపోతాయి. రాలినదానిని ఏ కంప్యూటరూ తిరిగి కొలవలేదు.

గీత ఎక్కడ గీయాలి?

యంత్రం 'ఇతడే' అని ఎన్నడూ ఖచ్చితంగా అనదు. ఇన్ని మార్కులు వచ్చాయి అంటుంది. ఎన్ని మార్కులు వస్తే తలుపు తీయాలో గీత గీసేది బ్యాంకు. గీతను పైకి జరిపితే దొంగలు తగ్గుతారు, కాని జలుబు చేసిన సొంతదారు కూడా బయటే నిలబడవలసి వస్తుంది. కిందికి దించితే సొంతదారుకు సుఖం, దొంగకూ సుఖం. రొద పెరిగే కొద్దీ ఇద్దరి మార్కులూ దగ్గరవుతాయి కనుక గీతకు చోటే ఇరుకవుతుంది.

ఒక లెక్క చూడండి. పరాయి గొంతును సొంతదారుదిగా పొరబడే అవకాశం వెయ్యికి ఒకటి అనుకుందాం. ఖాతా నంబరు చెప్పి, ఆ ఒక్క ఖాతాతోనే పోల్చమంటే ఇది చిన్న పొరపాటు. కాని నంబరు చెప్పకుండా, 5,000 మంది ఖాతాదారులలో ఈ గొంతు ఎవరిదో వెతకమంటే, సగటున అయిదుగురు తప్పుడు మనుషులు 'నేనే' అన్నట్లు కనిపిస్తారు. అందుచేత 'మీరేమీ చెప్పనక్కరలేదు, గొంతు వింటే చాలు' అనే సేవను నమ్మేముందు అది ఒకరితో పోలుస్తున్నదా, అందరిలో వెతుకుతున్నదా అని అడగాలి.

2017లో బ్రిటన్‌లో జరిగిన ఒక సంఘటన దీనికి తార్కాణం. బీబీసీ విలేఖరి ఒకరు హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకులో గొంతుతో గుర్తించే సేవకు నమోదు చేసుకోగా, ఆయన కవల సోదరుడు ఆ గొంతును అనుకరించి ఖాతాలోకి ప్రవేశించాడు. ఏడుసార్లు విఫలమై ఎనిమిదవసారి నెగ్గాడు. నిలువ ఎంతో చూడగలిగాడు గాని డబ్బు తీయలేకపోయాడు. ఇందులో నాకు ముఖ్యంగా తోచేది గొంతుల పోలిక కాదు, ఎనిమిదిసార్లు ప్రయత్నించనివ్వడం. ఏటీఎంలో తప్పు పిన్ను మూడుసార్లు కొడితే కార్డు పనిచేయదు గదా!

ఈ కాలంలో కవల సోదరుడు కూడా అక్కరలేదు. మూడు సెకన్ల నమూనా ఉంటే మనిషి గొంతును అనుకరించగల కార్యక్రమాన్ని తయారుచేశామని 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ప్రకటించారు. ఇటువంటి కృత్రిమ గొంతులను పట్టుకునే పద్ధతులను పరీక్షించడానికి 2015 నుంచి అంతర్జాతీయ పోటీలు జరుగుతున్నాయి. ఒకరు ఎత్తు వేస్తే మరొకరు పైఎత్తు వేస్తున్నారు. ఇక్కడ రొద మోసగానికి తోడు. కృత్రిమ గొంతులోని అతుకులు ప్రశాంతతలో బయటపడవచ్చు. వెనుక ఇంజను చప్పుడు కలిపితే అవి మరుగునపడతాయి, విన్నవాడు 'పాపం, రేవులో ఉన్నాడు' అనుకుంటాడు.

రుణగ్రహీతలు, వ్యాపారులు గమనించవలసినవి

2018–19 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయం మత్స్యకారులకూ, పశుపోషకులకూ విస్తరించింది. కాబట్టి ఈ విషయం పొలం ఉన్నవారికే పరిమితం కాదు. వాయిదా తేదీ, పథకం వివరాలు, నేటి ధర వంటివి గొంతుతో అడగడానికి సంకోచించనక్కరలేదు. డబ్బు కదిలే చోట మాత్రం గొంతు ఒక్కటే తాళం కాకూడదు. యూపీఐ 123పేలో డబ్బు పంపేటప్పుడు పిన్ను మీటల మీద నొక్కవలసి ఉండటానికి కారణం ఇదే. ఆ పిన్నును నోటితో పలకవద్దు. యంత్రం వినగలిగితే పక్కన నిలబడినవాడూ వినగలడు.

గొంతు నమోదుకు పిలిచినప్పుడు తొందరపడవద్దు. పూర్తి ఆరోగ్యంగా ఉన్న రోజున, మీరు రోజూ వాడే ఫోనుతోనే, సాధారణంగా మాట్లాడే భాషలోనే చేయండి. వీలైతే రెండు చోట్ల, ఒకసారి ఇంట్లో, ఒకసారి పని స్థలంలో నమోదు చేయించమని అడగండి. మాట్లాడేటప్పుడు ఫోను నోటికి దగ్గరగా ఉండాలి. 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్న ఫోనును 10 సెంటీమీటర్లకు తెస్తే దానిని చేరే మీ గొంతు శక్తి సుమారు 16 రెట్లవుతుంది. దూరపు ఇంజను రొద మాత్రం ఉన్నంతే ఉంటుంది. ఏ ఖరీదైన పరికరమూ ఇంత చవకగా ఇంత మేలు చేయదు. ఇంజనుకు వీపు తిప్పి, స్పీకరు ఆపి, అరవకుండా మామూలు గొంతుతో మాట్లాడండి.

వ్యాపారులకు ఒక మాట. తెలిసిన గొంతు మీద సరుకు ఇవ్వడం మన వాడుక, దానిని మానమనడం భావ్యం కాదు. ఐతే అడిగినది రోజువారీ ఐసు, డీజిలు కాక నగదు బదిలీ అయినప్పుడు, లేదా మొత్తం మామూలును మించినప్పుడు, ఫోను పెట్టేసి మీ దగ్గర ముందే రాసి ఉన్న నంబరుకు మీరే తిరిగి చేయండి. వచ్చిన నంబరుకే తిరిగి చేస్తే ప్రయోజనం ఉండకపోవచ్చు. ఇంటివాళ్లు, పడవవాళ్లు మాత్రమే చెప్పగల ఒక ప్రశ్న వేయండి. మోసం జరిగినట్లు తెలిసిన వెంటనే శాఖకు, సైబరు నేరాల సహాయ నంబరు 1930కి తెలియజేయండి. గంటలు గడిచే కొద్దీ డబ్బు చేతులు మారుతుంది.

నమోదైన గొంతు మీ సొంత సమాచారమే. పిన్ను బయటపడితే మార్చుకోవచ్చు, గొంతును మార్చుకోలేము. కనుక ఫోను నంబరు మార్చినా, ఖాతా మూసినా, నమోదు చేసిన గొంతు నమూనాను తొలగించమని శాఖలో లిఖితపూర్వకంగా కోరి, అందినట్లు రసీదు తీసుకోండి.